మే నెల బోరు నీళ్లు

19 జనవరి 2026, ఉదయం 6

బాయిలర్ నేను పేల్చలేదు. ముందుగా ఈ మాట రాస్తున్నాను. పదిహేడేళ్లుగా ఎవరూ రాయలేదు.

నేను చదివింది నాలుగో తరగతి. కానీ ముప్పై ఏళ్లు లాగ్‌బుక్ రాశాను. గంటగంటకు ప్రెషర్ ఎంత, నీటి మట్టం ఎంత అని. మిల్లు మూతపడి నాలుగేళ్లయింది. షెడ్డులో ఖాళీ లాగ్‌బుక్కులు మిగిలిపోయాయి. చెదలు తినేకంటే నేను రాసుకోవడం నయం.

మిర్యాలగూడ నుంచి హుజూర్‌నగర్ పోయే రోడ్డు మీద వెంకటనారాయణ సేటు ఉప్పుడు బియ్యం మిల్లు ఇది. ఏటా లాగే 2009 ఏప్రిల్‌లోనూ సాగర్ కాల్వ బంద్ అయింది. కాల్వ పారినన్నాళ్లు మా బోరులో ఊరేది కాల్వ నీళ్లే, తియ్యగా ఉంటాయి. కాల్వ ఆగిన రెండు మూడు వారాలకు అసలు బోరు బయటపడుతుంది. సబ్బు నురగ రాదు. పప్పు ఉడకదు. ఆ నీళ్లు బాయిలర్‌కు పోస్తే ట్యూబుల లోపల సున్నం పెచ్చు కడుతుంది. పెచ్చు కట్టిన చోట ఇనుము కాలి మెత్తబడుతుంది. సేటుకు చెప్పాను. ట్యాంకర్ నీళ్లు తెప్పించు, లేదంటే మిల్లు ఆపు, ట్యూబులు గోకుతానని. సేటు వారం ఆగమన్నాడు. ఐదో రోజు ట్యూబు పగిలింది.

ఆ టైముకు పొయ్యి ముందు నిలబడి ఊక వేస్తున్నది శంకరయ్య. మా బావ. నా చెల్లెలు వీరమ్మ భర్త. నేను వాల్వు చూడటానికి బయటికి పోయాను. నేను బతికాను.

తర్వాత ఒక ఇంగ్లీషు కాగితం తెచ్చారు. ప్రమాదం జరిగిందని ఆఫీసుకు తెలియజేసే కాగితమే అన్నారు. సంతకం పెట్టాను. రెండు నెలలకు ఒక సార్ చదివి చెప్పాడు. నీటి మట్టం చూసుకోకపోవడం నా తప్పేనని నేనే ఒప్పుకున్నట్టు అందులో ఉంది. బాయిలర్ నడిపే నా సర్టిఫికెట్ పోయింది. నన్ను వాచ్‌మన్‌ను చేశారు. వీరమ్మ కూతుర్ని తీసుకుని కోదాడ పోయింది. అప్పటి నుంచి నాతో మాట్లాడదు. నేను పోతే పెరట్లోకి పోయి, నేను వెళ్లేదాకా గిన్నెలు తోముతుంది.

21 జనవరి

సేటు కొడుకు వెంకటేష్ కారులో ఇద్దరిని తెచ్చాడు. ఒకాయన రవీందర్, పెద్ద ఇంజినీరు. ఒక అమ్మాయి వైష్ణవి, ఆమె కూడా ఇంజినీరే. హైదరాబాద్ వాళ్లు. మిల్లు జాగాలో డేటా సెంటర్ వస్తుందట. ఏఐ కోసమట.

అమ్మాయి నన్ను, తాతా, మీరిక్కడ ఎన్నాళ్ల నుంచి ఉంటున్నారు అని అడిగింది. నేను ఎవరికీ తాతను కాను, నా పేరు గోపయ్య, బాయిలర్ ఆపరేటర్‌ని అన్నాను. నవ్వి, సరే గోపయ్యగారూ అంది. వెంకటేష్ మాత్రం, వాచ్‌మన్ మేడమ్, పాత మనిషి, జర నోరెక్కువ అన్నాడు.

వడ్లు ఆరబోసే గచ్చు మీద సుద్దముక్కతో గీసి చూపించింది. బీరువా అంత డబ్బా, దాన్ని ర్యాక్ అంటారట. పాత కంప్యూటర్ల డబ్బాలో ఎనిమిదో పదో ఇస్త్రీ పెట్టెల వేడి ఉండేదట. ఇప్పటి ఏఐ డబ్బా ఒక్కదానిలో నూట ఇరవై ఇస్త్రీ పెట్టెల వేడి. అలాంటివి వరసగా వందల్లో నిలబెడతారు. గాలి ఊదితే ఆ వేడి పోదు. అందుకని సన్నని గొట్టాల్లో నీళ్లు తీసుకుపోయి చిప్పు నెత్తి మీదే తిప్పుతారు. ఆ నీళ్లు వేరు, శుద్ధమైనవి, లోపలే తిరుగుతాయి. అవి తెచ్చిన వేడిని బయట కూలింగ్ టవర్లలోని నీళ్లకు అప్పజెబుతాయి. బయటి నీళ్లు ఆవిరై పోతుంటాయి, పోయినంత మళ్లీ పోస్తుండాలి.

ఆ బయటి నీళ్లు ఎక్కడివి అని అడిగాను.

మీ బోరువే కదా అంది.

మేము నిప్పుతో నీళ్లు కాచాము. వీళ్లు నీళ్లతో నిప్పు చల్లారుస్తారు. పైపుకు మాత్రం రెండు చోట్లా అదే రోగం.

22 జనవరి, ఉదయం 10

అమ్మాయి బోరు నీళ్లు మూడు సీసాల్లో పట్టింది, ల్యాబుకు. ఇప్పుడు పట్టినవి కాల్వ నీళ్లమ్మా, బోరు నీళ్లు కావాలంటే మే నెలలో రా అని చెప్పాను. రాసుకుంది. ఎందుకని అడిగింది, మొత్తం చెప్పాను. బావ సంగతి తప్ప.

రవీందర్ వాచీ చూసుకుంటూ, పెద్దాయనా, నువ్వు మే దాక ఆగుమంటవ్, మా కంపెనోళ్లు నిన్ననే కావాలంటరు, మధ్యల నేను ఎక్కడ సావాలె అన్నాడు. ముగ్గురూ నవ్వారు. నేను నవ్వలేదు.

30 జనవరి

రిపోర్ట్ వచ్చిందట. నీళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయట. జనవరిలో నాకూ బ్రహ్మాండంగానే ఉంటాయి.

4 ఫిబ్రవరి

వైష్ణవి ఫోన్ చేసింది. నా మాట మీద లెక్క వేసి చూసిందట. మంచి నీళ్లయితే టవర్లలో ఆరు విడతలు తిప్పి పారబోయవచ్చట. ఉప్పు నీళ్లయితే రెండు విడతలకే పారబోయాలి. అంటే పన్నెండు బిందెలు సరిపోయే చోట ఇరవై తోడాలి. అది కూడా మే నెలలో.

మే నెలలో ఈ చుట్టుపక్కల నీళ్లుండేది మా బోరులోనే. గోడ బయట కుళాయి ఉంది. మిల్లు నడిచినప్పటి నుంచి పొద్దున అరగంట వదులుతాము. వాడకట్టు ఆడవాళ్లంతా అక్కడే పడతారు. ఉప్పుగా ఉన్నా వాడకానికి అవే దిక్కు. ఆ మాట ఆమెకు చెప్పాను.

తర్వాత చెప్పింది. వాళ్ల పద్ధతి ప్రకారం నీళ్ల సంగతి తేల్చాలంటే ఏడాది పొడుగునా పరీక్షలుండాలి. లేకపోతే ఆ జాగాలో అందరికంటే ఎక్కువ కాలం నీళ్లు నడిపిన మనిషి వాంగ్మూలం ఉండాలి. మీరు రాసి సంతకం పెట్టండి గోపయ్యగారూ, నేను దాన్ని బట్టి నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు రెట్టింపు పెడతాను, వేసవి కోసం కాల్వ నీళ్లు నిలవ చేసే చెరువు లాంటి ట్యాంకు గీస్తాను, కుళాయి జోలికి పోకుండా చేస్తాను అంది. ఫారం వెంకటేష్ చేతికి పంపుతానంది.

నీ మాట రాసుకుంటాను అని నాతో ఒకరు అనడం ఇదే మొదలు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు గచ్చు మీద అటూ ఇటూ నడిచాను.

9 ఫిబ్రవరి, సాయంత్రం 4

వెంకటేష్ ఫారం తెచ్చాడు. ఈసారి తెలుగులోనే ఉంది. నింపి తెచ్చాడు. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివాను. కాలాన్ని బట్టి ఈ బోరు నీటిలో ఎటువంటి మార్పూ లేదని నా ఎరుకలో ఉన్నది, అని ఉంది.

ఇది తప్పు అన్నాను.

కాకా, అన్నాడు. వాడు చిన్నప్పుడు అనేవాడు కాకా అని, మళ్లీ ఇవాళే. కాకా, ప్లాంటు డబుల్ అంటే ఆళ్లు ఈ జాగ ఇడిసిపెట్టి ఇంకో జాగ సూసుకుంటరు, ఆళ్లకేం, దేశంల భూములు లేవా అన్నాడు. ఉప్పు నీళ్లకు కంప్యూటర్లు సస్తయా ఏంది అన్నాడు. అప్పుడు గోడకు ఆనుకుని, గొంతు తగ్గించి అన్నాడు. నీకేం కావాల్నో నాకు ఎరుకే. నాయనను కోదాడ తోలుకపోత. మీ చెల్లె ముందట కూసోబెట్టి నిజం చెప్పిస్త. గోపయ్య వద్దన్నడు, నేనే ఇనలే అని ఆయన నోటితోనే. సాలా?

నేను ఎప్పుడూ అడగలేదు. వాడికి ఎట్లా తెలుసు? మిల్లులో అందరికీ తెలిసే ఉంటుంది. తెలిసి పదిహేడేళ్లు ఊరుకున్నారు.

రెండు రోజులు ఆగమన్నాను.

11 ఫిబ్రవరి

గోడ అవతల మూడెకరాలు చేసే గౌరయ్యను అడిగాను, పేర్లు చెప్పకుండా. ఒక అబద్ధం ఆడితే నీ మీద పడ్డ అబద్ధం పోతుందంటే ఏం చేస్తావని. గౌరయ్య బీడీ ఆర్పి, అరే గోపన్నా, నీ మీద పడ్డది ఏందో నాకు ఎరుక లేదు గని, ఆడే అబద్ధం ఎవని మీద పడతదో సూసుకో అన్నాడు. మళ్లీ తానే, నా మీద గిట్ల పడదు గద అని నవ్వాడు.

ఆయన భార్య ఆండాళు రోజూ మా కుళాయి దగ్గరే బిందెలు పెడుతుంది.

12 ఫిబ్రవరి

సంతకం పెట్టాను. చదివే పెట్టాను. ఈసారి నన్నెవరూ మోసం చేయలేదు.

27 ఫిబ్రవరి

సేటుకు మోకాలు నొప్పి అట.

8 మార్చి

సేటుకు కంటి ఆపరేషన్ అట. వెంకటేష్‌కు ఫోన్ చేస్తే, పోదాం కాకా, పరేషాన్ గాకు, కోదాడ ఎక్కడికన్నా పోతదా అన్నాడు. నా సంతకం చేతికి అందాక కోదాడ దూరమైంది. నేను వాడి ఇంటి గేటు ముందు పోయి కూర్చున్నాను. ఎండలో మూడు గంటలు. వాడి భార్య బయటికి వచ్చి, ఎవరీయన, మర్యాదగా లోపలికి రమ్మనండి అంది. మర్యాద వద్దమ్మా, తేదీ కావాలి అన్నాను.

తేదీ ఇచ్చారు.

22 మార్చి, మధ్యాహ్నం 3

కోదాడ పోయి వచ్చాము. ఇప్పుడే రాస్తాను, రేపటికి మాటలు మారిపోతాయి.

వీరమ్మ కూతురు గీత తలుపు తీసింది. రండి మావయ్యా, కూర్చోండి అంది. కోదాడలో పెరిగింది, మాట ఆంధ్ర వైపు వాళ్ల మాటలా ఉంటుంది. వీరమ్మ నన్ను చూసి పెరట్లోకి పోబోయింది. నా వెనక కర్ర పట్టుకుని సేటు రావడం చూసి ఆగింది. ఎనభై ఒక్క ఏళ్లు ఆయనకు. వెంకటేష్ కారులోనే కూర్చున్నాడు.

సేటు కుర్చీలో కూర్చుని ఊపిరి పీల్చుకుని చెప్పాడు. కోర్టులో పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. వీరమ్మా, మీ అన్న వద్దన్నడు, బోరు నీళ్లు పోయొద్దన్నడు, నేనే ఇనలే, మీ అన్న తప్పేం లేదు అన్నాడు.

పదిహేడేళ్లు నేను ఎదురుచూసిన మాట. అది విని వీరమ్మ ఏడుస్తుందనుకున్నాను. నా వైపు చూస్తుందనుకున్నాను.

గిది చెప్పనీకి వచ్చినవా సేటు, అంది. గిది నాకు గప్పుడే ఎరుక. మా ఆయన దినాం ఇంటికొచ్చి చెప్పెటోడు, మీ అన్న సేటుతోని కొట్లాడుతుండు, సేటు ఇంటలేడు అని. సచ్చిపోయే రోజు పొద్దుగాల గూడ చెప్పిండు.

మరి నాతో ఎందుకు మాట్లాడలేదు అని అడిగాను.

అప్పుడు చూసింది నా వైపు. నువ్వు సంతకం ఎందుకు పెట్టినవ్ అంది. సదవరాలె, మోసపోయినవ్, సరే. రెండు నెలలకు తెలిసింది గద. తెలిసిన రోజు ఆఫీసుకు పోయి నా సంతకం నాకియ్యుండ్రి, అది అబద్ధం అని అడిగినవా? అడగలే. వాచ్‌మన్ పని ఇచ్చిన్రు, ఊకున్నవ్. ఆయన సావు మీద మూత పెట్టిన్రు, నువ్వు ఆ మూత మీద కూసున్నవ్. నీకు నీ పేరే పెద్దది. ఆయన పేరు ఒక్కనాడన్న ఎత్తినవా?

గీత, అమ్మా ఊరుకో అంది. సేటు లేచి నిలబడ్డాడు. పోదాం గోపయ్యా, చెప్పేది చెప్పిన అన్నాడు. వీరమ్మ ఆయనకు అడ్డం రాలేదు. ఆయన గడప దాటాక నన్ను అడిగింది.

షావుకారి ఊకెనే ఇంత దూరం రాడు గద. ఆయనకు ఏమిచ్చినవ్ అన్నా?

అన్నా అంది. ఇన్నేళ్లకు. నేను చెప్పులు తొడుక్కుని బయటికి నడిచాను. కారు హారన్ కొడుతున్నారు.

23 మార్చి

ఏమీ రాయలేను.

19 ఏప్రిల్, ఉదయం 6

కాల్వ బంద్ అయింది. బోరు ఇంకా తియ్యగానే ఉంది. సబ్బు నురగ వచ్చింది.

26 ఏప్రిల్

వైష్ణవి ఫోన్ చేసింది. సంతోషంగా ఉంది. డిజైన్ ఒప్పుకున్నారట. నా వాంగ్మూలం వచ్చినప్పుడు ఆశ్చర్యపోయానంది. మీరు మొదట వేరేగా చెప్పారు కదా గోపయ్యగారూ, తర్వాత గుర్తు చేసుకుని సరిచేశారని వెంకటేష్‌గారు చెప్పారు, మీ సంతకం ఉంది కాబట్టి నేను చిన్న ప్లాంటే పెట్టాను, ట్యాంకు తీసేశాను అంది. డ్రాయింగ్ మీద నా పేరు కూడా వేయించిందట. నీటి వివరాలు ఇచ్చినవారు గోపయ్య, మాజీ బాయిలర్ ఆపరేటర్, అని. మీకు ఒక కాపీ పంపనా అని అడిగింది.

ఆపరేటర్ అని వేయించింది. ఆ పిల్ల మర్యాద చేసింది.

రేపు టవర్లు పెచ్చు కట్టి, చిప్పులు కాలి, ప్లాంటు చాలక బోరంతా తోడేస్తే, కుళాయిలో చుక్క రాకపోతే, కాగితం తీసి చూస్తారు. కింద నా పేరే ఉంటుంది. ఈసారి నా మీద పడే నింద అబద్ధం కాదు.

ఆమెకు చెప్పాలని నోరు తెరిచాను. ఎప్పటి వరకు మార్చవచ్చమ్మా అని మాత్రం అడిగాను. మే 15న సామాను ఆర్డర్లు పోతాయి, ఆ తర్వాత మారదు అంది. ఎందుకని అడిగింది. ఊరికే అన్నాను.

2 మే, ఉదయం 7

సబ్బు నురగ రాలేదు. కందిపప్పు గంటన్నర పెట్టాను, రాళ్లలాగే ఉంది.

4 మే

రెండు సీసాల్లో నీళ్లు పట్టి సూర్యాపేట బస్సెక్కాను. నీళ్ల పరీక్ష చేసే ల్యాబు ఒకటుంది అక్కడ. కండక్టరు, ఏంది పెద్దమనిషీ, సారా గిట్ల తీస్కపోతున్నవా అన్నాడు. తాగి చూడు అన్నాను.

ల్యాబులో పని చేసే అక్షిత అనే అమ్మాయి కాగితం ఇచ్చి, ఏ ఊరి నీళ్లండీ, ఇంత సున్నమా అంది. వైష్ణవి ఫోన్‌లో చెప్పిన జనవరి లెక్కకు నాలుగు రెట్లు ఉంది.

5 మే, మధ్యాహ్నం 12

వెంకటేష్‌కు ఫోన్ చేసి చెప్పాను. నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానని.

కాసేపు తిట్టాడు. తర్వాత నవ్వాడు. నాయన కోదాడ పోయి చెప్పిండా లేదా, సౌదా సౌదానే గద కాకా అన్నాడు. బేరం చేసింది నిజమే, సరుకు నాది కాదు, వాడకట్టుది, నాకు అమ్మే హక్కు లేదు అన్నాను. అయితే షెడ్డు ఖాళీ చెయ్, ఇయ్యాలనే అన్నాడు. పదిహేడేళ్లుగా ఇదే నా ఇల్లు. సరే అన్నాను. గౌరయ్య తన పంపుసెట్టు గదిలో ఉండమన్నాడు. ఆండాళు అడగకుండానే చాప వేసింది. నేను ఏం చేశానో ఆమెకు ఇంకా తెలియదు. రేపు పొద్దున నీళ్ల దగ్గరికి అందరూ వచ్చినప్పుడు చెబుతాను.

6 మే, ఉదయం 6

కాల్వ బంద్. బోరు ఉప్పు.

వైష్ణవికి స్పీడ్ పోస్టులో పంపుతున్నది ఇదే. నకలు.

అమ్మా, ఫిబ్రవరి 12 నాటి నా వాంగ్మూలం అబద్ధం. వెంకటేష్ నింపాడు, నేను చదివి సంతకం పెట్టాను. తప్పు నాదే, నీది కాదు. సూర్యాపేట ల్యాబు కాగితం జత చేశాను. 2009 మేలో ఇవే నీళ్లకు శంకరయ్య అనే మనిషి చనిపోయాడు. అతని పేరు కూడా రాసుకో. నా సంతకం ఉన్న కాగితం నాకు పంపించు. ట్యాంకు మళ్లీ గీస్తావా, గీయవా? మే 14 సాయంత్రం లోపల జవాబు కావాలి. 15 పొద్దున బస్సుకు నేను కోదాడ పోతున్నాను. మా చెల్లెలు అడుగుతుంది.